పరీక్షింపక కొన్న ఇంజనులు

రైలుబండిని గురించి వ్రాయబూనిన ప్రతివారును 1853 ఏప్రిల్ 16వ తేదీతో ఆరంభింతురు. బొంబాయి బోరీబందరు నుండి ఠాణాకు 21 మైళ్ల ప్రయాణము, 14 పెట్టెలు, సాహిబ్, సింధ్, సుల్తాన్ అను మూడు ఇంజనులు, 21 ఫిరంగుల వందనము. ఇవన్నియు మనము పాఠ్యపుస్తకములలో చదివి కంఠస్థము చేసినవే. ఆ తరువాత వ్యాసము రెండు దారులలో ఏదో ఒకటి పట్టును. రైలు ఇంగ్లీషువారు మనకిచ్చిన వరమని ఒక దారి. మన పత్తిని, ధాన్యమును ఓడరేవులకు తరలించుటకు వేసిన ఇనుప కాలువ అని రెండవ దారి. కళాశాల వక్తృత్వపు పోటీలలో ఈ రెండు వాదములను ఏటేటా వింటూనే ఉన్నాము. మాలో కొందరు ఒక ఏడు ఒక పక్షమున, మరుసటి ఏడు రెండవ పక్షమున నిలిచి రెండింటికిని బహుమతులు పొందినారు కూడ!

రెండు వాదములలోను కొంత సత్యము లేకపోలేదు. కాని రెండింటిలోను ఇంజను కనబడదు. ఏ ఇంజను? దానిని గీసినవారెవరు? కొన్నవారెవరు? నడిపినవారెవరు? అది పోయిన తరువాత పట్టాలను సరిచేసినవారెవరు? ఈ ప్రశ్నలు వేసినప్పుడు గాని రైలు చరిత్ర మనుష్యుల చరిత్రగా కనబడదని మా అభిప్రాయము. అందుచేత వరమా శాపమా అను తగవును ప్రక్కనబెట్టి, ఒకే ఒక ఇంజను తరగతిని తీసుకొని దాని కథ చెప్పదలచినాము. ఆ తరగతి పేరు ఎక్స్.బి. పేరు విన్నవారు ఈ రోజులలో తక్కువ. పాతికేళ్లు తిరుగకముందే ఆ పేరును మరచిపోవలెనని కోరుకున్న పెద్దలు మాత్రము ఆ రోజులలో చాలమంది ఉండి ఉందురు.

ఇరవయ్యవ శతాబ్దము ఆరంభమున మన దేశములో రైలు కంపెనీలు అనేకము. ఏ కంపెనీకి ఆ కంపెనీ తనకు నచ్చిన ఇంజను చేయించుకొనెడిది. ఒకరి భాగము మరొకరికి అతకదు. ఈ గందరగోళమును తీర్చుటకై 1903 ప్రాంతములో పని ఆరంభమై, ఇంగ్లండులోని ఇంజనీరింగు ప్రమాణముల సంఘము మన రైళ్ల కొరకు కొన్ని నమూనాలను నిర్ణయించినది. వాటిలో మెయిలు బండ్లకు వాడిన ఇంజనుకు ముందు నాలుగు చిన్న చక్రములు, వాటి వెనుక ఆరు పెద్ద చక్రములు. అది ఆడంబరము లేని ఇంజను. పెట్టిన బొగ్గు మంచిదైతే చెప్పిన పని చేసెడిది. పట్టాపై నిలకడగా నడిచెడిది. ఈ ఇంజనును గుర్తుంచుకొనవలెనని పాఠకులకు మనవి. కథ చివర ఇది మరల వచ్చును.

చిక్కంతయు ఆ "మంచి బొగ్గు" అను మాటలోనే ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధము తరువాత మేలురకపు బొగ్గు ధర పెరిగినది. మన దేశములో దొరకు బొగ్గులో బూడిద పాలు ఎక్కువగా గల రకమే విస్తారము. మన సింగరేణి ప్రాంతమునుండి వచ్చిన వారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నాసిరకపు బొగ్గును కాల్చి అంతే ఆవిరి పుట్టించవలెనన్న కొలిమి గర్భము వెడల్పు కావలెను. పెద్ద చక్రముల మధ్య ఇరికించిన కొలిమిని వెడల్పు చేయుటకు చోటు లేదు. కనుక కొలిమిని చక్రముల వెనుకకు జరిపి, దాని బరువు మోయుటకు మరి రెండు చిన్న చక్రములు చేర్చవలెను. ముందు నాలుగు, నడుమ ఆరు, వెనుక రెండు. ఈ అమరికకు "పసిఫిక్" అని పేరు. ఆలోచనలో తప్పేమియు లేదు. ఇతర దేశములలో అట్టి ఇంజనులు అప్పటికే చక్కగా నడుచుచున్నవి.

1924లో ఇంజను ప్రమాణముల కమిటీ ఒకటి ఏర్పడి, భారతదేశమునకంతటికి కొత్త నమూనాలు సిద్ధము చేసినది. పెద్ద పట్టాల మార్గమునకు ఎక్స్ అను అక్షరము, మీటరు గేజికి వై, ఇంకను చిన్నవాటికి జడ్. ప్రయాణికుల బండ్లకు మూడు పసిఫిక్ తరగతులు: బలహీనమైన పట్టాలున్న శాఖా మార్గములకు ఎక్స్.ఎ., ప్రధాన మార్గములలో తేలిక మెయిళ్లకు ఎక్స్.బి., బరువైన మెయిళ్లకు ఎక్స్.సి. ఇరుసుకు పడు బరువు ఎక్స్.ఎ.కు సుమారు 13 టన్నులు, ఎక్స్.బి.కి 17, ఎక్స్.సి.కి 20కి దగ్గర. ఎక్స్.బి. పెద్ద చక్రము అడ్డుకొలత 74 అంగుళములు. అనగా ఆరడుగుల మనిషి ప్రక్కన నిలిచినను చక్రమే ఇంకొక రెండంగుళములు ఎత్తు. లాంకషైరులోని వల్కన్ ఫౌండ్రీ మొదలైన కార్ఖానాలనుండి 1928 నాటికి ఇవి ఓడలలో దిగనారంభించినవి. ఎక్స్.ఎ. 113, ఎక్స్.బి. 99, ఎక్స్.సి. 72. వెరసి 284.

ఈ 284 అను సంఖ్య వద్ద మేము ఆగదలచినాము. ఇంత పెద్ద కొనుగోలుకు ముందు, ఒక్కొక్క తరగతిలో రెండో మూడో ఇంజనులను తెప్పించి, మన పట్టాలపై, మన వానలలో, మన ఎండలలో ఒక సంవత్సరము నడిపి చూచి, తరువాత మిగిలినవాటికి ఆర్డరు వేయవలసినది. అట్లు చేయలేదు. కాగితముపై గీత చక్కగా ఉన్నది, గీసినవారు పేరుగలవారు, ఒకేసారి ఎక్కువ కొన్నచో ధర కలిసివచ్చును. ఇంకేమి కావలెను? ఎద్దును కొనబోవు రైతు సంతలో దాని పళ్లు లెక్కపెట్టును, నాలుగడుగులు నడిపించి చూచును, నాగటికి కట్టి చూచిన తరువాత గాని రూపాయి తీయడు. సామ్రాజ్యపు కార్యాలయములలో ఆ రైతుపాటి జాగ్రత్త కనబడలేదు.

ఇంజనులు నడకకు దిగిన కొద్ది కాలమునకే ఒక జాడ్యము బయటపడినది. వేగము పెరిగిన కొలది ఇంజను ముక్కు అటునిటు కొట్టుకొనుట. ఇంజనీర్లు దీనికి "హంటింగ్" అని పేరు పెట్టినారు. వేట అని అర్థము. వేటకుక్క నేల వాసన పట్టుచు మూతిని ఎడమకు కుడికి త్రిప్పుకొనుచు పోవునట్లు ఇంజను పోవునన్నమాట. పేరు పెట్టినవాడు పల్లెటూరివాడై ఉండవలెను. ఇంత చక్కని పోలిక పట్టణమున పుట్టదు. దీని మూలము సులభముగానే తెలియును. రైలు చక్రము అంచు సమతలము కాదు, కొంచెము వాలుగా ఉండును. ఇరుసు ఒక ప్రక్కకు జరిగినపుడు ఆ వాలే దానిని మరల మధ్యకు తెచ్చును. తెచ్చి ఊరకుండక రెండవ ప్రక్కకు త్రోయును. నెమ్మదిగా పోవు బండిలో ఈ ఊగుట తనంతట తానే చల్లారును. వేగమున చల్లారక పెరుగును. పెరుగకుండ ఆపుటకే ముందు బోగీకి ప్రక్కలనుండి పట్టి ఉంచు స్ప్రింగులు అమర్తురు. ఎక్స్ తరగతి పసిఫిక్‌లలో ఆ పట్టు చాలలేదు. పగ్గము వదులైన కోడెవలె ఇంజను ముందు భాగము ఆడినది.

ఆడిన ఇంజను పట్టాను ప్రక్కకు గుద్దును. క్రింద కంకర దట్టముగా, స్లీపర్లు గట్టిగా ఉన్న చోట పట్టా ఆ దెబ్బకు తట్టుకొనును. కంకర పలుచనైన చోట, వాననీరు నిలిచి నేల మెత్తబడిన చోట పట్టా కదలిపోవును. కొన్ని మార్గములలో ఈ ఇంజనులు పోయిన తరువాత తిన్నని పట్టా పాము నడకవలె వంకరలు తిరిగి కనబడినది. మరునాడు ఆ వంకరలపై మరొక ఇంజను వచ్చును. వంకర పట్టా ఇంజనును మరింత ఊపును, ఊగిన ఇంజను పట్టాను మరింత వంచును. ఎవరిది మొదటి తప్పు అను ప్రశ్నకు జవాబు చెప్పలేని వలయమిది.

సరిగా ఆ కాలముననే ప్రపంచమంతటను ఆర్థిక మాంద్యము. 1930, 31 సంవత్సరములలో పొదుపు పేరిట రైల్వేలలో వేల సంఖ్యలో పనివారిని తొలగించినారు. కొత్త ఇంజనుకు గట్టి పట్టా కావలసి వచ్చిన రోజులలోనే పట్టాను కాపాడు చేతులు తగ్గిపోయినవి. ఈ రెండు నిర్ణయములను చేసినవారు ఒకే భవనములో, బహుశః ఒకే వరండాలో కూర్చున్నవారే. అయినను ఒక గదిలోని కాగితము రెండవ గదికి పోయి మాట్లాడినట్లు లేదు.

మేము ఇక్కడ ఒక సంగతి అడుగదలచినాము. ఆ వంకరను మొదట చూచినవాడు ఎవడు? ప్రతిదినము తెల్లవారగానే సుత్తి భుజమున వేసుకొని, తన వంతు మైళ్లు కాలినడకన పోయి, ఒక్కొక్క కీ వదులైనదేమో చూచు కీమన్. తరువాత గ్యాంగు మేస్త్రి, గ్యాంగ్‌మన్‌లు. ఇంజను ఊగుటను మొదట ఎరిగినవాడు ఎవడు? బొగ్గు పార పట్టుకొని నిలువలేక తూలిన ఫైర్‌మన్. మాలో ఒకరి నానా, మరొకరి తాతయ్య ఆవిరి ఇంజనుల చివరి రోజులలో ఆ పార పట్టినవారే. వారు నడిపినవి ఎక్స్ తరగతివి కావు, తరువాతి కాలపువి. అయినను ఇంజను ఒంట్లో బాగులేనప్పుడు గడియారములు చెప్పకముందే మోకాళ్లు చెప్పునని ఇద్దరును అనెడివారు. ఒకరు ఉర్దూలో, ఒకరు తెలుగులో. రిపోర్టు పుస్తకము మాత్రము ఇంగ్లీషులో ఉండెడిది.

ఇట్టి మనుష్యులు చెప్పినది పై మెట్టుకు ఎక్కునప్పటికి ఎంత పలుచబడునో పాఠకులు ఊహించుకొనగలరు. ఫిర్యాదులు అసలే రాలేదనుటకు వీలులేదు. ఇంజనులు వచ్చిన తొలి సంవత్సరములలోనే ఊగుటను గురించి, పట్టా వంకరలను గురించి వ్రాతలు నడచినవి; అక్కడక్కడ ఇంజనులు పట్టా తప్పినవి; కొన్నిచోట్ల వేగమునకు కళ్లెము వేసినారు, స్ప్రింగులు మార్చి చూచినారు. కాని 284 ఇంజనులు కొన్న తరువాత "ఇవి పనికిరావు" అని ఎవరు చెప్పగలరు? చెప్పినచో కొన్నదెవరు అను ప్రశ్న వచ్చును. కనుక పదేండ్లు గడచినవి.

1937 జూలై 17. ఈస్ట్ ఇండియన్ రైల్వే మార్గమున పంజాబు వైపునుండి హౌరాకు పోవు ఎక్స్‌ప్రెస్సు పాట్నాకు పడమట బిహటా అను స్టేషను దగ్గర పట్టా తప్పినది. బండిని లాగుచున్నది ఎక్స్.బి. ఇంజను. పెట్టెలు ఒకదానిపై ఒకటి ఎక్కినవి. నూరుమందికి పైగా మరణించినారు. అప్పటివరకు మన దేశపు రైళ్ల చరిత్రలో ఇంతటి ఘోరములు అరుదు. ఆ చనిపోయినవారిలో ఎవరికిని బోగీ స్ప్రింగు అనగా ఏమో తెలిసి ఉండదు. టిక్కెట్టు కొన్నారు, ఎక్కినారు, నిద్రించినారు.

మొదట వినవచ్చిన మాట విద్రోహము. ఎవరో పట్టాను ఊడదీసినారని. ఆ రోజులలో ఆ మాట నమ్మించుట తేలిక. స్వాతంత్ర్య సమరము సాగుచున్న దేశము గదా! తప్పు తెలియని చేతిపైకి పోవును, ఆర్డరు కాగితముపై సంతకము చేసిన చేయి శుభ్రముగా ఉండును. కాని విచారణకు కూర్చున్న అలహాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ థామ్ ఆ వాదమును అంగీకరింపలేదు. ఎక్స్.బి. ఇంజను వేగముగా పోవుచు ఊగి, తట్టుకొనలేని పట్టాను వంచినదనియే తేల్చినారు. ఆయన ఇంగ్లీషువారి న్యాయస్థానమునకే చెందినవాడు; ప్రతివాది ఇంగ్లీషువారి ప్రభుత్వమే. వలస పాలనలో మంచి అసలే లేదని వాదించు మిత్రులు ఈ తీర్పును కూడ లెక్కలోనికి తీసుకొనవలెను. అట్లే, ఈ తీర్పునకు నూరు ప్రాణములు ముందుగా చెల్లింపవలసి వచ్చినదను సంగతిని రెండవ పక్షపు మిత్రులు మరువరాదు.

తరువాత పసిఫిక్ ఇంజనుల కమిటీ అని మరొకటి ఏర్పడినది. అధ్యక్షుడు బ్రిటనులో రైళ్ల భద్రతను తనిఖీ చేయు ప్రధానాధికారి కర్నల్ మౌంట్. సభ్యులలో ఇంజను నిర్మాణమున ఆ కాలపు మేటి యగు స్టానియర్ గారు ఉన్నారు. పసిఫిక్‌లను నడిపి అనుభవము గడించిన ఫ్రెంచి దేశమునుండి కూడ ఒక ఇంజనీరు వచ్చినారు. 1938 చివరన దిగి, దేశమంతయు తిరిగి, ఇంజనులపై స్వయముగా ఎక్కి చూచి 1939లో నివేదిక ఇచ్చినారు. ఇంజనులో దోషము ఉన్నది, పట్టాలో బలహీనత ఉన్నది, రెండును కలిసి ప్రమాదమునకు దారితీసినవి అని దాని సారము. ముందు బోగీని మధ్యకు లాగిపట్టు శక్తిని పెంచవలెను, వెనుక చక్రముల అదుపును సవరింపవలెను, ఇంజనునకు టెండరునకు నడుమ లంకెను మార్చవలెను. ఆశ్చర్యమేమనగా, ఈ మార్పులు చేసిన తరువాత అవే ఇంజనులు బుద్ధిగా నడిచినవి! పెద్ద పని కాదు. కొన్ని స్ప్రింగులు, కొన్ని లంకెలు. ఈ పని 1928లోనే, రెండు ఇంజనులపై, నెమ్మదిగా చేసి ఉండిన బిహటా పేరు ఈనాడు మనము వ్రాయవలసిన అవసరమే ఉండెడిది కాదేమో.

ప్రమాదము తరువాత కొత్త మెయిలు ఇంజనులు కావలసివచ్చినపుడు అధికారులు దేనిని అడిగినారు? ఇందాక గుర్తుంచుకొనుడని చెప్పిన ఆ పాత పది చక్రముల ఇంజనునే. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ కొన్ని సంవత్సరములు దానినే చేయించినారు. కొత్తదానికంటె పాతది మేలని మేము చెప్పుట లేదు. ఆ పాతది నడచి చూపినది, అంతమాత్రమే.

ఇంకొక న్యాయము కూడ చెప్పవలసి ఉన్నది. 1924 నాటి కమిటీ గీసినవన్నియు చెడ్డవి కావు. అదే కుటుంబములోని ఎక్స్.డి., ఎక్స్.ఇ. గూడ్సు ఇంజనులు గట్టివని పేరు తెచ్చుకొని దశాబ్దములు బరువులు లాగినవి. దేశమంతటికి ఒకే నమూనా ఉండవలెనను కోరికయు మంచిదే. పసిఫిక్‌ల విషయమున జరిగిన తప్పు గీయుటలో కొంత, గీసినదానిని నమ్ముటలో ఎక్కువ. దక్షిణమున మద్రాసు సదరన్ మరాఠా రైల్వే కూడ ఎక్స్.బి. ఇంజనులను తీసుకున్నది. మద్రాసు నుండి బెజవాడ మీదుగా వాల్తేరు వరకు మన తీరమును ఒరసిపోవు మార్గము ఆ కంపెనీదే. మార్పులు చేయబడిన ఎక్స్ తరగతి ఇంజనులు స్వాతంత్ర్యము తరువాత కూడ చాలకాలము నడిచినవి. కొన్ని దేశ విభజనలో అవతలకు పోయి అక్కడ నడిచినవి.

అనుభవము వృథా కాలేదు. కొత్త తరమునకు మరల పసిఫిక్ అమరికయే ఎన్నుకొన్నారు. దాని పేరు డబ్ల్యు.పి. గుండ్రని కోపు ముక్కుపై నక్షత్రము గల ఆ ఇంజనును పాత సినిమాలలోనైనను చూడనివారుండరు. ఈసారి ఏమి చేసినారు? 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కార్ఖానానుండి ముందుగా 16 మాత్రమే తెప్పించినారు. ఆ తరువాతనే పెద్ద ఆర్డర్లు. అమెరికా, కెనడా, పోలండు, ఆస్ట్రియా దేశములలోను, చివరకు మన చిత్తరంజన్‌లోను కలిపి 1967 వరకు 755 తయారైనవి. 1969లో మన విజయవాడ, సికిందరాబాదుల మధ్య ఆరంభమైన గోల్కొండ ఎక్స్‌ప్రెస్సు ఆవిరితో నడచిన రోజులలో దేశములోని అతి వేగపు ఆవిరి బండ్లలో ఒకటిగా పేరుపొందినది. దాని ముందు కట్టినది ఈ డబ్ల్యు.పి.యే. 284కు 16కు ఉన్న వ్యత్యాసములో బిహటా ఉన్నది.

ఇంజనులను మన దేశములోనే ఎందుకు చేయలేదని అడుగవచ్చును. చేయలేక కాదు. 1895లోనే అజ్మీరు వర్క్‌షాపులో ఎఫ్-734 అను మీటరు గేజి ఇంజనును మనవారి చేతులు పూర్తిగా తయారు చేసినవి. అది ఢిల్లీ రైలు మ్యూజియములో ఈనాటికిని ఉన్నది. అయినను, 1940 వరకు బ్రిటనునుండి మన దేశమునకు పద్నాలుగు వేలకు పైబడి ఇంజనులు రాగా, ఇక్కడ తయారైనవి సుమారు ఏడువందలేనని చరిత్రకారుల లెక్క. 1921లో జంషెడ్‌పురములో పెనిన్సులర్ లోకోమోటివ్ కంపెనీ అను సంస్థ పుట్టినది. ప్రభుత్వము తగిన ఆదరువు ఇవ్వనందున ఇంజను చేయు కార్ఖానాగా అది నిలువలేకపోయినది. ఇది వెలుపలివారికి ఇచ్చిన లాభముగానే సాధారణముగా చెప్పుదురు. మాకు తోచునది మరొకటి కూడ ఉన్నది. గీసినవాడు, చేసినవాడు, నడిపినవాడు, పట్టా సరిచేసినవాడు ఒక ఊరిలో ఉన్నచో సాయంకాలము టీకొట్టు వద్దనైనను కలియుదురు. గీసినవాడు లండనులో, చేసినవాడు లాంకషైరులో, నడిపినవాడు బీహారులో ఉన్నచో వారు కలియుటకు ఒక విచారణ సంఘము కావలసివచ్చును.

భాష సంగతి కూడ ఇందులోనిదే. మన హైదరాబాదులో ఇందుకు భిన్నమైన ప్రయత్నము ఒకటి జరిగినది. 1917లో దారుత్తర్జుమా స్థాపించి, శాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయములో పై చదువులు ఆ భాషలో చెప్పినారు. 1929లో ఆరంభమైన ఇంజనీరింగు కళాశాల కూడ ఆ విశ్వవిద్యాలయములోనిదే. ఆ ప్రయత్నములో తెలుగు మాతృభాషగా గలవారికి జరిగిన లోటును మేము కప్పిపుచ్చము. రాష్ట్రములో అధిక సంఖ్యాకుల భాష ఆ మెట్టు ఎక్కలేదు. కాని యంత్రమును గురించి దేశభాషలో ఆలోచింపవచ్చునను ధైర్యము మాత్రము అక్కడ ఉన్నది. రెండు భాషలవారము ఒకే కప్పు క్రింద చదువుకొను మనకు ఆ ధైర్యము తగినంత అందలేదని మా బాధ.

ఇక మన ఇంటి సంగతికి వత్తుము. కళాశాల కమిటీ పెద్దలు కోపగింపరని నమ్మి వ్రాయుచున్నాము.

మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ప్రాక్టికల్స్ రికార్డు వ్రాయు పద్ధతి అందరికిని తెలిసినదే. పై తరగతివారి రికార్డు పుస్తకము అడిగి తెచ్చుకొందుము. అందులోని అంకెలు మన పుస్తకములో ఎక్కును. ప్రయోగము తరువాత జరుగును. ఒక్కొక్కప్పుడు జరుగనే జరుగదు. అంకెలు చక్కగా వచ్చును, గ్రాఫు తిన్నగా వచ్చును, మార్కులు నిండుగా వచ్చును. ఇతరులను నిందించుట మా ఉద్దేశము కాదు. మేమును అట్లే వ్రాసినాము, మార్కులును తీసుకున్నాము. గత సంవత్సరము ఒక త్రాసు పాడైనది. చూచుటకు బాగుగానే ఉన్నది, ముల్లు మాత్రము ఎప్పుడును ఒక ప్రక్కకే మొగ్గును. ఆ సంగతి ప్రయోగశాల అటెండరు చాచా మొదటి నెలలోనే మాతో చెప్పినారు. ఆయన మాటలో మొహమాటమెక్కువ, ఇంగ్లీషు తక్కువ. మేము నవ్వి ఊరుకున్నాము. సంవత్సరాంతమున వరుసగా అరవైమంది రికార్డులలో ఆ త్రాసుతో తూచిన తూనికలు దశాంశ స్థానములతో సహా సరిగా ఉన్నవి! ఎవరును తూచలేదు గనుకనే సరిగా ఉన్నవి.

ఎక్స్.బి. కథ చదువుచున్నంతసేపు మాకు ఆ త్రాసే గుర్తుకు వచ్చినది. మా తప్పునకు ఎవరును మరణింపలేదు. ఆ మాట నిజము. కాని ఈ అరవైమందిలో కొందరు రేపు వంతెనలకు, మందులకు, బాయిలర్లకు సంతకము చేయువారే.

అందుచేత కమిటీవారికి రెండు విన్నపములు. రికార్డు పుస్తకమునకు ఇచ్చు మార్కులలో సగమైనను, పరీక్షాధికారి ఎదుట విద్యార్థి స్వయముగా తీసిన కొలతకు ఇవ్వవలెను. అంకె తప్పుగా వచ్చినచో ఎందుకు తప్పినదో చెప్పగలిగినవానికి తగ్గింపరాదు. రెండవది ఖర్చు లేనిది. ప్రయోగశాల తలుపు ప్రక్కన ఒక నోటు పుస్తకము ఉండవలెను. ఏ పరికరము సరిగా లేదో, ఏ సీసాపై పేరు తప్పో, విద్యార్థి గాని అటెండరు గాని తమకు వచ్చిన భాషలో, ఉర్దూలోనో తెలుగులోనో, తేదీ వేసి అందులో వ్రాయవలెను. నెలకొకసారి ఆ శాఖ అధ్యాపకులు దానిని చదివి, ఏమి చేసినారో దాని క్రింద ఒక వాక్యము వ్రాయవలెను.

పుస్తకము మేమే కొని తెత్తుము. పెన్సిలుకు దారము కట్టి వ్రేలాడదీయుదుము. కమిటీవారు గోడకు ఒక మేకు కొట్టించిన చాలును. మొదటి పుటలో మొదటి వాక్యము వ్రాయు హక్కు మాత్రము అటెండరు చాచాది.